ఏడో అక్క రెక్కలు

కల్లూరు, కర్నూలు
18 నవంబర్ 2024, కార్తీక సోమవారం

చెల్లి శివలీలకు అక్క ఆశీస్సులు.

దీపం పెట్టి వచ్చి రాస్తున్నాను. గండికోట చేరినట్టు నువ్వు వేసిన కార్డు అందింది. గోపీ చదివి ఇచ్చాడు.

ఇక్కడి పద్ధతి నీకు తెలియాలి. నా ఫోను తమ్ముడు గోపీ దగ్గరే ఉంది. ఇంటికి వచ్చే కాగితం ఏదైనా వాడు విప్పి చదివాకే నా చేతికి వస్తుంది. నేను రాసేది మాత్రం గుడికి పోతూ నేనే డబ్బాలో వేస్తాను. అది మనసులో పెట్టుకుని రాయి.

శివాని లేవిని చేసుకుని ఇల్లు విడిచి రెండేళ్ళ నాలుగు నెలలు. కూతురిని వెతకడం వాడు మానలేదు. పోయిన నెల లేవి తల్లి రాహేలమ్మ ఇంటికి మళ్ళీ మనుషులను పంపాడు. తలుపు విరిగింది. అడ్డం పోయిన ఆమె చెయ్యి విరిగింది. కొడుకూ కోడలూ ఎక్కడున్నారో ఆమెకు నిజంగానే తెలియదు. నేను ఆసుపత్రికి పోయి చూసి వచ్చాను. గోపీకి చెప్పే పోయాను. వాడు తల ఎత్తలేదు. "ఆ పిల్లోడు దొరికిన దినం చెయ్యితో పోదక్కా" అన్నాడు.

నీకేమైనా తెలిస్తే నాకు రాయవద్దు. వాడు నన్ను ఇంతవరకు అడగలేదు. అడిగితే, పొద్దున లింగపూజ చేసుకున్న నోటితో అబద్ధం చెప్పలేను. తెలియకుండా ఉంటే ఆ చిక్కు లేదు.

తల మీద కొంగు వేసుకుని పని చెయ్యి. కార్తీకమైనా అక్కడ ఎండ వదలదు.

మహాదేవి


గండికోట
27 నవంబర్ 2024

అక్కకు శివలీల నమస్కారాలు. అన్నా, నువ్వు ముందుగా చదువుతావు కాబట్టి నీకు ఇంకా ముందు నమస్కారం.

పని మొదలైంది. కొత్తగా కట్టిన అతిథి గృహం, వెనక పిల్లల ఈతకొలను, దాని పక్కన నలభై అడుగుల పొడవు గోడ. ఆ గోడ నాది. యజమాని శివశంకర్ మొదటిరోజే ఫోనులో బొమ్మలు చూపించాడు. బంగారు జుట్టు, గులాబీ గౌను, సీతాకోకచిలుక రెక్కలు, చేతిలో నక్షత్రం ఉన్న పుల్ల.

"ఫెయిరీలు మేడం. పిల్లోల్లకు నచ్చాల, జంటలకూ నచ్చాల. లవ్వు ఉండాల, నేచరూ ఉండాల. యాడన్నా నాలుగు గుండె గుర్తులు పెట్టు."

"ఈ ఎండకు ఆ తెల్లపాప గంట నిలబడుతుందా అన్నా?"

"బొమ్మకు ఎండేంది మేడం!"

నేను నవ్వాను. కానీ రెండు రోజులు గోడ ముందు ఊరికే కూర్చున్నాను. మన సీమలో ఒక దేవకన్య దిగితే ఆమెకు రెక్కలు ఎక్కడివి? ఇక్కడి చెట్టే ఇవ్వాలి. అందుకని పొద్దున్నే పెన్నా లోయ అంచున తిరిగి, దొరికినవి ఏరుకొచ్చి, ఇప్పుడు కాలం కానివాటికి పుస్తకాల్లో ఎండబెట్టి దాచుకున్నవి తీసి, చేతిలో పట్టుకుని చూసి గీస్తున్నాను. మొదటామెకు తంగేడు రేకులు. వాన రాకపోయినా, ఎవరూ అడగకపోయినా పూస్తుంది కదా, ప్రేమకు ఇంతకంటే గుర్తు ఏం కావాలి? రెండో ఆమెకు వేపాకు. మోదుగ పూరేకు ఒకామెకు పెడితే భుజాలకు నిప్పంటుకున్నట్టే ఉంది, అది విరహం అనుకో. జిల్లేడు దూది పెట్టిన ఆమె అన్నింటికంటే తేలిక, ఎవరూ పెంచకుండా పెరిగిన పిల్ల. ఒకామెకు చింతచిగురు, ఇంకొకామెకు నెమలినార విత్తు. అది గాలికి ఎగిరే విత్తు.

శివశంకర్ చూసి గడ్డం గోక్కున్నాడు. "గుండె గుర్తులు యాడ మేడం?" అన్నాడు. "అన్నీ అవే అన్నా" అన్నాను. నమ్మలేదు గానీ అడ్డం చెప్పలేదు.

మొత్తం ఏడుగురు. ఆరుగురి సంగతి రాశాను. కొంగు కప్పుకునే పని చేస్తున్నాను.

శివలీల


కల్లూరు
5 డిసెంబర్ 2024

శివలీలకు ఆశీస్సులు.

నీ ఉత్తరం గోపీ పడసాలలో పైకి చదివాడు. తంగేడు దగ్గర నవ్వాడు కూడా. చిన్నప్పటి నవ్వు. తరువాత మడిచి ఇస్తూ, "ఆరు చెప్పినాది. ఏడోది ఏం చెట్టు?" అన్నాడు.

నాకు తెలియదన్నాను.

వాడు మరిచిపోయే మనిషి కాదు. జవాబు రాసేటప్పుడు ఆలోచించి రాయి.

మహాదేవి


గండికోట
22 డిసెంబర్ 2024

అక్కకు, అన్నకు నమస్కారాలు.

ఏడో బొమ్మ ఇంకా గీయలేదు. ఆ చివర గోడ తడి ఆరలేదు. ఏ చెట్టు అన్నది ఇంకా అనుకోలేదు.

ఇక్కడ ఒక వింత జరిగింది. కొలను పనికి ఆదోని వైపు నుంచి ఆడకూలీలు వచ్చారు. వాళ్ళలో పెద్దది హులిగెమ్మ. మంగళవారం పొద్దున నేను పోయేసరికి బొమ్మల కాళ్ళ దగ్గర పసుపు, కుంకుమ, ఆకువక్క, నాలుగు గాజులు. ఎవరు పెట్టారంటే హులిగెమ్మ నన్నే వింతగా చూసింది.

"అక్కగార్లకు పెట్టకుంటే ఎట్లమ్మా? నీళ్ళ పక్కన ఏడుగురు ఆడోళ్ళు నిలబడుకోనుంటే అక్కగార్లు గాక ఇంగెవురు?"

"వీళ్ళు దేవతలు కాదు హులిగెమ్మా, పిల్లల కోసం గీసిన బొమ్మలు. రెక్కలు చూడు."

"రెక్కల్లేకుంటే బావుల మీద ఎట్ల తిరుగుతారు? గీసినదానివి, నీకే తెల్దా?"

చిన్నప్పుడు మన చేను బావి దగ్గర ఏడు రాళ్ళకు అమ్మ పసుపు పూసేది, గుర్తుందా అక్కా? శివశంకర్ వచ్చి గోల పెట్టాడు. "నేను కట్టింది స్విమ్మింగ్ పూలప్పా, గుడి కాదు! తుడవండి!" ఒక్కరూ కదల్లేదు. హులిగెమ్మ పార కింద పెట్టి, "అట్లయితే నువ్వే తుడువు సామీ, మేము చూస్తాం" అంది. అతను తుడవలేదు. ఆ సాయంత్రమే అతని భార్య వచ్చి టెంకాయ కొట్టిపోయింది.

ఇప్పుడు చూడవచ్చినవాళ్ళంతా ఫోటోలు తీసుకుంటున్నారు. దండం పెట్టేవాళ్ళు కొందరు, పక్కన నిలబడి నవ్వేవాళ్ళు కొందరు.

శివలీల


కల్లూరు
17 జనవరి 2025

శివలీలా,

ఇకమీదట ఇంటికి రాయవద్దు. గుడి ముందు పూలమ్మే సుంకులమ్మ ఇంటికి రాయి. చిరునామా వెనక రాశాను. ఆమె పూలబుట్టలో పెట్టి ఇస్తుంది.

నీ ఉత్తరం గోపీ రెండుసార్లు చదివాడు.

"లీల ఇంగా ఆరే గీసినా అంటాది. ఆ కూలామె ఏడుగురంటాది. ఇద్దర్లో ఎవురికి లెక్క రాదక్కా?"

నేను దీపం వత్తి సరిచేస్తూ ఉన్నాను. వాడు ఆ అతిథి గృహం ఫోటోల కోసం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పండగ అయ్యాక మొన్న దొరికింది. తెచ్చి నా ముందు పెట్టి వేళ్ళతో పెద్దది చేశాడు. ఎడమ కనుబొమ మీద గాటు. ఆరేళ్ళప్పుడు రోటి మీద పడి చీలినది. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది వాడే.

"నా కూతుర్ని గోడకెక్కిచ్చినాది నా చెల్లెలు" అన్నాడు. గొంతు లేవలేదు. లేచి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

తరువాత రెక్కలు చూశాడు. ఫోటోలో అడ్డంగా ఎవరిదో తల, పూలదండలు. అంచు మాత్రమే కనబడుతోంది. "ఇది ఏం చెట్టక్కా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. అది నిజం.

"చేత్తో పట్టుకోని ఆకును లీల గీయదు. చిన్నప్పటి నుంచి చూస్తాండా. ఆ చెట్టు యాడుండాదో ఆ పాప ఆడుంటాది."

కలప అడితి నడిపే పరమేష్ వాడి స్నేహితుడు. ఆకు, కాయ, బెరడు, ఏది చూసినా చెట్టు పేరు చెప్పే మనిషి. ఊళ్ళో లేడు, నెలాఖరుకు వస్తాడు. ఇద్దరూ గండికోట వచ్చి దగ్గరగా చూడాలని అనుకుంటున్నారు.

ఆ రెక్కలు మార్చు. ఇప్పుడే మార్చు.

మహాదేవి


గండికోట
24 జనవరి 2025

అక్కా,

నువ్వు తెలియనివ్వవద్దన్నావు. ఇక దాచితే కుదరదు. క్షమించు.

పోయిన ఉగాదికి నాకొక కవరు వచ్చింది. అందులో ఉత్తరం లేదు. ఒక కాయ. అప్పడంలా గుండ్రంగా, పలచగా, నడుమ విత్తు, చుట్టూ రెక్క. ఎర్రచందనం కాయ. ఎవరు పంపారో ముద్ర చూడకుండానే తెలిసింది. ఆ చెట్లు ఏ కొండల కింద ఉంటాయో నీకు చెప్పనక్కర లేదు. రాజంపేట పక్కన ఒక నర్సరీలో లేవి ఆ మొక్కలే పెంచుతున్నాడు. శివాని కాయల అంచులు కత్తిరించి విత్తులు నానబెడుతుంది. ఆగస్టులో నేను పోయి రెండు రోజులు ఉండి వచ్చాను. అప్పుడు చెప్పింది, మూడో నెల అని.

ఇప్పుడు ఎనిమిదో నెల. రక్తం కనబడిందని డాక్టరమ్మ మంచం దిగవద్దంది. ఇల్లు మార్చమనడానికి లేదు. అన్న ఆ కాయ పేరు వింటే చాలు. రాజంపేటలో ఆ మొక్కలు పెంచే నర్సరీలు ఎన్ని ఉంటాయి? ఒక్క పూటలో తిరిగి వస్తారు.

ఎందుకు గీశానని అడుగు. అడగవు, నాకు తెలుసు. ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని కాయల కుప్ప ముందు కూర్చుని ఉంటే, నడుమ విత్తు, చుట్టూ రెక్క, ఆ బొమ్మ నా కంట్లో పడిపోయింది. ఈ గోడ దగ్గరికి వచ్చాక ఏడో ఆమెకు వేరే రెక్క తోచలేదు. ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను. నా పని బాగా కుదిరిందన్న గర్వం కూడా ఉంది అక్కా. ఆ గర్వమే ముఖం కూడా గీయించింది.

నీ ఉత్తరం అందగానే కుంచె తీసుకుని పోయాను. రెక్క మీద మొదటి గీత పడకముందే హులిగెమ్మ చెయ్యి పట్టుకుంది.

"కండ్లు తెరిచిన అక్కను మళ్ళా గీకుతావా తల్లీ? మా పిల్లోల్లకు ఏమన్నా అయితే నువ్వొస్తావా?"

కాళ్ళు పట్టుకుంటానన్నాను. చెయ్యి వదల్లేదు. అప్పటి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వంతులేసుకుని గోడ దగ్గర కూర్చుంటున్నారు. శివశంకర్ కూడా, "దాన్ని చూసే జనం వస్తాండారు, ఒక్క గీత మార్చినా ఊరుకోను మేడం" అన్నాడు.

నాకు దారి కనబడడం లేదు. నువ్వు చెప్పు.

లీల


కల్లూరు
30 జనవరి 2025

లీలా,

ఫిబ్రవరి ఏడు, శుక్రవారం వస్తున్నారు. నేనూ వస్తానన్నాను. అక్కగార్లకు మొక్కు ఉందని చెప్పాను. రాహేలమ్మ చెయ్యి విరిగిన రోజే మొక్కుకున్నాను, కాబట్టి అబద్ధం కాదు.

గోడ జోలికి పోవద్దు. నాలుగు కిలోల పసుపు తెప్పించు. పెద్ద గంగాళంలో నీళ్ళు పెట్టించు.

హులిగెమ్మను అడిగి రెండు సంగతులు రాయి. పసుపు ముఖానికే పూస్తారా, ఒళ్ళంతానా? ఎవరితో మొదలుపెడతారు?

ఆ రోజు నువ్వు అక్కడ ఉండవద్దు. ప్రొద్దుటూరు పో. నీ ముఖం చూస్తే వాడికి కాయ అక్కర లేదు.

మహాదేవి


గండికోట
3 ఫిబ్రవరి 2025

అక్కా,

పసుపు తెచ్చాను. ఇది స్పీడుపోస్టులో వేస్తున్నాను, గురువారంలోగా అందాలి.

మామూలుగా ముఖానికీ పాదాలకీ పూస్తారట. మొక్కున్నవాళ్ళు నిలువెల్లా పూస్తారట. మొదలు ఎప్పుడూ చివర నిలబడిన చిన్నక్కతోనేనట. "పెద్దోళ్ళు కాసుకుంటారు, చిన్నామె అలుగుతాది" అంది హులిగెమ్మ.

అన్న నిన్నే అడిగితే ఏం చెబుతావు? ఆ కాయ సంగతి రాసి నేనే నీ నోట్లో పెట్టాను కదా.

లీల


కల్లూరు
10 ఫిబ్రవరి 2025

లీలా,

జరిగింది రాస్తున్నాను. నువ్వు భయపడుతూ ఉంటావు.

పది గంటలకు చేరాము. గోపీ, పరమేష్, నేను. వాళ్ళు కారు నీడన పెట్టి వచ్చేలోపల నేను కాళ్ళు కడుక్కుని గోడ దగ్గరికి పోయాను. హులిగెమ్మ ముద్ద కలిపి ఉంచింది. "నిలువెల్లా పూస్తాను తల్లీ, మొక్కు" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. నా వెనక వస్తున్న మగవాళ్ళను చూసింది. ముక్కాలిపీట తెచ్చి వేసింది.

నీ బొమ్మ మొదటిసారి చూశాను. మన శివానీయే. ముఖం మీద చెయ్యి పెట్టేముందు ఒక్క క్షణం ఆగాను. అంతకంటే ఆగలేదు. కనుబొమ మీది గాటు, బుగ్గలు, మెడ, భుజాలు, తరువాత రెక్కలు. అంచులు వదలకుండా, నడుమ విత్తు మీద దళసరిగా. చేతులు మోచేతి దాకా పచ్చబడ్డాయి. పంచాక్షరి చెప్పుకుంటూనే ఉన్నాను.

పరమేష్ అటు చివర నుంచి మొదలుపెట్టాడు. "ఇది తంగేడప్పా. ఇది వేప. మోదుగ. శానా బాగా గీసినాది మీ చెల్లెలు." ఒక్కొక్క పేరు నా వైపు నడిచి వస్తూ ఉంది. నెమలినార అన్నప్పుడు నేను ఎడమ రెక్క కింది అంచు దగ్గర ఉన్నాను. ఇంకో నాలుగు వేళ్ళ మేర మిగిలింది. కొంగుతో చెమట తుడుచుకున్నట్టు అడ్డం నిలబడి అదీ పూశాను.

"అక్కా, పక్కకు రా" అన్నాడు గోపీ.

వచ్చాను.

"ఏముండాది ఈడ, అంతా పసుపే" అన్నాడు పరమేష్. గోపీ దగ్గరికి పోయాడు. రెక్క మీద బొటనవేలి గోరు పెట్టాడు. కొంచెం గీకాడు కూడా.

హులిగెమ్మ కేక పెట్టలేదు. మామూలుగానే అడిగింది. "ఏమప్పా, అక్క ఒంటి మీద గోరేస్తావా? నీకు ఆడపిల్లల్లేరా?"

కూలి ఆడవాళ్ళంతా పనాపి చూస్తున్నారు. గోపీ చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. దించడానికి చాలాసేపు పట్టింది. నేను తక్కిన ఆరుగురికీ ముఖాలకు, పాదాలకు పూసి, హారతి ఇచ్చి వచ్చాను.

తిరుగు దారిలో, జమ్మలమడుగు ఇంకా రాకముందు, వాడు వెనక్కి తిరిగి అడిగాడు. ఈ రెండున్నరేళ్ళలో మొదటిసారి.

"అక్కా, ఆ పాప యాడుండాదో నీకు తెలుసునా?"

"తెలుసు" అన్నాను.

పరమేష్ కారు ఆపేశాడు.

"చెప్పు."

"చెప్పను."

"మొక్కుతో వచ్చిందా పసుపు? నాకు కనపడకుండానా?"

"రెండూ."

వాడు నా వైపు చూస్తూనే ఉన్నాడు. నేనూ చూశాను. "దిగు" అన్నాడు. దిగాను. కారు పోయింది.

ఎండ బాగా ఉంది. తల మీద కొంగు వేసుకుని నడిచాను. నీళ్ళసీసా కారులోనే ఉండిపోయింది. అరమైలు పోయాక మలుపు దగ్గర కారు ఆగి ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. ఎక్కాను. సీట్లో ఉన్న సీసా తీసి నీళ్ళు తాగాను.

మూడు రోజులైంది. వాడు నాతో మాట్లాడడం లేదు. నేను వండింది మాత్రం తింటున్నాడు. నిన్న అన్నం కలపబోతూ బొటనవేలి గోరు చూసుకున్నాడు. అందులో పసుపు ఇంకా ఉంది.

మహాదేవి


గండికోట
12 మార్చి 2025

అక్కా,

ఆడపిల్ల. మొన్న సోమవారం. తల్లీ బిడ్డా క్షేమం. లేవి ఫోను చేశాడు. "పెద్దత్త వచ్చి మొదటి నీళ్ళు పోయాల" అని శివాని ఒకటే పోరుతోందట. కర్నూలు నుంచి కడప బస్సు ఎక్కు. కడపలో నేను కలుస్తాను.

ఇంకొక సంగతి. చెప్పాలో వద్దో తెలియలేదు. ఎండకు పసుపు పెచ్చులు లేస్తుంటే పోయిన శుక్రవారం సాయంత్రం పూద్దామని పోతే హులిగెమ్మ, "ఆ పెద్దమనిషి పూసిపోయినాడు గదమ్మా" అంది. ఎవరంటే, "ఆ పొద్దు గోరేసినాయన. నాలుగు శుక్రవారాలాయె, కర్నూలు నుంచి ఒగడే వస్తాండాడు. చిన్నక్కకు రెక్కల నిండా ఆయనే పూస్తాడు. ఏం అడిగినా పలకడు" అంది.

పోయి చూశాను. నువ్వు పూసినదానికంటే దళసరిగా ఉంది.

లీల


కల్లూరు
17 మార్చి 2025

లీలా,

సుంకులమ్మ పూలబుట్టలో నీ ఉత్తరం ఇచ్చింది. గుడిలోనే చదివి, బిడ్డ పేరున అభిషేకం చేయించాను.

శుక్రవారాలు వాడు ఎక్కడికి పోతాడో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. చేతులు చూస్తే తెలుస్తూనే ఉంది.

నేను రాను. పూసే చెయ్యే ఒక రోజు గీకవచ్చు. ఆ రోజు ఎప్పుడో వాడికే తెలియదు. నేను బస్సు ఎక్కితే వాడు వెతకనక్కర లేదు, నా వెనక వస్తే చాలు. ఈ ఇంట్లో వాడి కళ్ళ ముందు నేను కూర్చున్నంతకాలం ఆ పిల్లలకు నిద్ర ఉంటుంది. మొదటి నీళ్ళు నువ్వు పొయ్యి.

ఇందులో ఒక కాయ పెట్టాను. ముక్కలు కాకుండా దూదిలో చుట్టాను. శివాని ఇల్లు విడిచిన ఏడాదే నాకూ ఒక కవరు వచ్చింది. గోపీ ఊళ్ళో లేని రోజు. ఇది ఏ చెట్టుదో నేను ఎవరినీ అడగలేదు. దేవుడి పీట గుడ్డ కింద పెట్టి, రోజూ దాని ముందే పూజ చేసుకున్నాను. జనవరిలో నీ ఉత్తరం వచ్చేదాకా దాని పేరు తెలియకుండానే ఉంచుకున్నాను.

ఇంత పాత విత్తు మొలవదని పిల్లలు అంటారు. అయినా ఒక కుండీలో వెయ్యమను. బిడ్డను దాని పక్కన పడుకోబెట్టమను.

మహాదేవి